తప్పు ఎక్కడ పుట్టింది? రెండో భాష వినికిడిపై ప్రయోగాలు చేసేవారికి

రెండో భాషలో ఒక వాక్యం వినిపించి, విన్నది టైప్ చేయమన్నాం. శ్రోత మూడో మాట తప్పు రాశాడు. ఆ తప్పు ఎక్కడ పుట్టింది? ఆ ధ్వని చెవికి వేరుగా అందలేదా? ధ్వని అందినా ఆ మాటే తెలియదా? మాట తెలిసినా దాన్ని పోలిన ఇంకో మాట ముందుకొచ్చిందా? వాక్యం పూర్తయ్యేసరికి మొదట విన్నది జారిపోయిందా? లేక అన్నీ సరిగ్గానే జరిగి చివర్లో స్పెల్లింగ్ దగ్గర తడబడ్డాడా? డేటా ఫైలులో ఈ ఐదూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీయాల్సింది ప్రయోగం నిర్మాణం. అక్కడ విడదీయకపోతే తర్వాత ఎంత పెద్ద గణాంక మోడల్ నడిపినా తేలదు. ఈ రంగంలో వృథా అయ్యే శ్రమలో ఎక్కువ భాగం ఇక్కడే పోతుందని నా గట్టి అభిప్రాయం. అందుకే కింద రాసినదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మొదట కొలత సంగతి. ‘అర్థమైంది’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు విషయాలున్నాయి. చెప్పినదాంట్లో ఎన్ని మాటలు శ్రోతకు సరిగ్గా అందాయన్నది ఒకటి. అందుకోడానికి ఎంత శ్రమ పడ్డాడన్నది రెండోది. యాస ఎంత వేరుగా తోచిందన్నది మూడోది. మొదటిదాన్ని విన్నది రాయించి, సరిపోయిన మాటలు లెక్కపెట్టి కొలుస్తాం. మిగతా రెండింటికీ 9 మెట్ల స్కేలు ఇవ్వడం అలవాటు. మర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ 1995లో ఈ మూడింటినీ ఒకే రికార్డింగుల మీద విడివిడిగా కొలిచారు. యాస చాలా బలంగా ఉందని మార్కు పడ్డ మాటల్ని కూడా శ్రోతలు చాలాసార్లు పొల్లుపోకుండా రాయగలిగారు. అంటే యాస స్కేలు మీద వచ్చిన అంకెను పట్టుకుని ‘వీళ్ల మాట అర్థం కాదు’ అని రాయకూడదు. ఈ సంగతి ఇన్నేళ్లుగా తెలిసినా ఆ రెండింటినీ కలిపేయడం ఇంకా ఆగలేదు. అది మాట్లాడేవాళ్లకు జరిగే అన్యాయం కూడా.

రాయించి కొలిచేటప్పుడు మార్కుల నియమాలు డేటా రాకముందే కాగితం మీద ఉండాలి. వాక్యానికి నాలుగైదు ముఖ్యమైన మాటలు ఎంచుకుని వాటికే మార్కులివ్వాలి, విభక్తుల్లాంటి చిన్న మాటల్ని వదిలేయాలి. స్పెల్లింగ్ తప్పినా ఉచ్చారణ అదే అయితే సరైనదిగా లెక్కించాలా, బహువచనం రాయాల్సిన చోట ఏకవచనం రాస్తే ఏం చేయాలి, ఇవి ముందే తేల్చుకోవాలి. ఎవరి జవాబో తెలియకుండా ఇద్దరు విడివిడిగా మార్కులేసి, తేడా వచ్చిన చోట కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక శ్రోత ఒక వాక్యాన్ని ఒక్కసారే వినాలి. అదే వాక్యం ఇంకో గొంతులో మళ్లీ వస్తే అప్పుడు పరీక్షిస్తున్నది చెవిని కాదు, జ్ఞాపకాన్ని. దీనికి వాక్యాల జాబితాలు తిప్పి తిప్పి పంచే లాటిన్ స్క్వేర్ పద్ధతి ఉంది. నాలుగు గొంతులుంటే నాలుగు జాబితాలు. ప్రతి శ్రోతకూ ఒకటే జాబితా.

ఇక ధ్వని దగ్గరికి వద్దాం. ఇక్కడ ఒక్క జంటనే తీసుకుని లోతుగా చూడటం మంచిది. ఇంగ్లీషులో ఓడ అనే అర్థమున్న షిప్, గొర్రె అనే అర్థమున్న షీప్. తెలుగువాళ్లు ఈ రెంటినీ సులువుగానే వేరు చేస్తారు. కానీ దేన్ని పట్టుకుని? తెలుగులో ఇ, ఈ మధ్య ప్రధానమైన తేడా నిడివి. ఇంగ్లీషులో నిడివితోపాటు అచ్చు నాణ్యత (నోట్లో నాలుక నిలిచే చోటును బట్టి మారే గుణం) కూడా మారుతుంది. 1952లో పీటర్సన్, బార్నీ అమెరికన్ పురుషుల గొంతుల్లో కొలిచిన సగటు ప్రకారం షీప్‌లోని అచ్చుకు ఎఫ్1 సుమారు 270, ఎఫ్2 సుమారు 2290 హెర్ట్జ్ (గొంతు, నోరు కలిసి బాగా ప్రతిధ్వనించే మొదటి రెండు పౌనఃపున్యాలివి; వీటినే ఫార్మెంట్లంటారు). షిప్‌లోని అచ్చుకు 390, 1990. పైగా ఇంగ్లీషులో అచ్చు నిడివి దాని తర్వాతి హల్లును బట్టి కూడా మారుతుంది; డ ముందు సాగుతుంది, ట ముందు కుంచించుకుపోతుంది. కాబట్టి మామూలు రికార్డింగులు వినిపించి 95 శాతం సరైన జవాబులు వచ్చాయని, శ్రోతలు ఇంగ్లీషు అచ్చుల్ని పట్టేశారని రాస్తే పొరపాటే. వాళ్లు తమ భాషలోని నిడివి కొలబద్దనే వాడి ఉండొచ్చు.

విడదీయడానికి ఒక గడి తయారు చేయాలి. నాణ్యతలో 7 మెట్లు, నిడివిలో 5 మెట్లు, మొత్తం 35 స్టిములస్‌లు, అంటే వినిపించే శబ్దాలు. ఒక్కొక్కటి 10 సార్లు వినిపిస్తే 350 ట్రయల్స్ (ఒకసారి విని జవాబివ్వడం ఒక ట్రయల్). ట్రయల్‌కు రెండున్నర సెకన్ల చొప్పున సుమారు 15 నిమిషాల పని, మధ్యలో రెండు విరామాలు. ధ్వనుల్ని విశ్లేషించే ప్రాట్ సాఫ్ట్‌వేర్‌లో నిడివి మార్చడం తేలిక, అందులోని డ్యురేషన్ టియర్ అనే సాధనం సరిపోతుంది. నాణ్యత మార్చడానికి ఎల్‌పీసీ (లీనియర్ ప్రిడిక్టివ్ కోడింగ్) పద్ధతిలో గొంతు మూలాన్ని, ఫార్మెంట్ల ఫిల్టర్‌ను విడగొట్టి మళ్లీ కలపాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పురుష గొంతుకు ఈ పని చేసేముందు శాంప్లింగ్ రేటును, అంటే ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామన్న లెక్కను, 10 కిలోహెర్ట్జ్‌కు తగ్గిస్తారు. దాంతో 5 కిలోహెర్ట్జ్ పైనున్న శక్తంతా పోతుంది. మొదటి హల్లు ‘ష’ మొద్దుబారి, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అందుకని మాట మొత్తాన్ని మార్చకుండా అచ్చు భాగాన్ని మాత్రం తయారు చేసి, శాంప్లింగ్ రేటు మళ్లీ పెంచి, ముందూ వెనకా హల్లుల్ని అసలు రికార్డింగులోంచే తెచ్చి అతకాలి. అతుకు తరంగం సున్నా గీతను దాటే చోట పడాలి, లేకపోతే టక్కుమని చప్పుడొస్తుంది. 35 స్టిములస్‌లకూ అవే హల్లులు వాడితే తేడా అంతా అచ్చులోనే ఉందని ధైర్యంగా చెప్పొచ్చు.

జవాబు ఎలా ఇప్పిస్తున్నామన్నదీ ఇందులో భాగమే. తెరమీద మాటలు తెలుగు లిపిలో రాస్తే నిడివి తేడాను మనమే గుర్తుచేసినట్టవుతుంది. ఇంగ్లీషు లిపిలో రాస్తే స్పెల్లింగు జ్ఞానం కలుస్తుంది. ఓడ బొమ్మ, గొర్రె బొమ్మ పెట్టడం మేలు. పడమర, బనీను అనే అర్థాలున్న ఇంగ్లీషు మాటల విషయంలో ఈ ఇబ్బంది ఇంకా స్పష్టం. తెలుగు లిపిలో రెండూ ‘వెస్ట్’ అనే రాస్తాం, అక్కడ బొమ్మలు తప్ప వేరే దారి లేదు.

రెండు ధ్వనులు ఒకటేనా వేరా అని అడిగే ఏఎక్స్ పరీక్షలో రెండు జాగ్రత్తలు. మొదటిది ధ్వనుల మధ్య విరామం. జానెట్ వెర్కర్, జాన్ లోగన్ 1985లో 250, 500, 1500 మిల్లీసెకన్ల విరామాలతో పోల్చి చూశారు. విరామం చిన్నగా ఉంటే శ్రోత చెవిలో ఇంకా మెదులుతున్న శబ్దాన్నే పోల్చగలడు. 1500 దగ్గర తన భాషలోని వర్ణంగా మార్చుకుని గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది. వర్ణాల గురించి ప్రశ్న అడుగుతూ 300 మిల్లీసెకన్ల విరామం పెడితే, తేడా పట్టలేని శ్రోత కూడా పట్టేసినట్టు కనిపిస్తాడు. ‘ఒకటే’ జతల్లో కూడా ఒకే ఫైలును రెండుసార్లు వినిపించకుండా రెండు వేర్వేరు ఉచ్చారణలు, వీలైతే వేర్వేరు గొంతులు వాడాలి. రెండోది లెక్క. ఒక శ్రోత వేరుగా ఉన్న 40 జతల్లో 36 వేరని చెప్పాడనుకుందాం. తొంభై శాతం! కానీ ఒకటే అయిన 40 జతల్లో కూడా 28 వేరనే చెప్పాడు. అతను అన్నిటికీ అదే మీట నొక్కుతున్నాడు. అందుకే శాతం బదులు డీ-ప్రైమ్ వాడాలి; ‘వేరు’ అన్న సరైన జవాబుల్ని ‘వేరు’ అన్న తప్పుడు జవాబులతో కలిపి చూసి, తేడా నిజంగా ఎంత పట్టారో చెప్పే కొలత అది. సున్నా శాతం, నూరు శాతం వచ్చినచోట లెక్క అనంతానికి పోకుండా ప్రతి గణనకూ 0.5, మొత్తానికి 1 కలుపుతారు. ఏఎక్స్ పరీక్షకు మామూలు అవును-కాదు పరీక్ష సూత్రాన్ని వాడితే విలువ తక్కువగా వస్తుంది, ఒకటే-వేరు పనికి తగ్గ సూత్రం విడిగా ఉంది.

మాటల ఎంపికలో కంటికి కనిపించని శత్రువు పదజాలం. మాటల వాడుక తరచుదనాన్ని సాధారణంగా సినిమా సబ్‌టైటిళ్ల నుంచి తీసిన సబ్‌ట్లెక్స్ వంటి పట్టికల నుంచి తీసుకుంటాం. అవి ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లు వినేదానికి దగ్గర. తరగతి గదిలో భాష నేర్చుకున్నవాళ్లకు ‘దిండు’కు ఇంగ్లీషు మాట తెలియకపోయినా ‘పరికల్పన’కు తెలిసి ఉండొచ్చు. కాబట్టి పట్టికను నమ్మి ఊరుకోకుండా, అలాంటి నేపథ్యమే ఉన్న వేరే 20 మంది చేత ఆ మాటలు ఎంత తెలుసో చెప్పించుకోవాలి. శ్రోత మాతృభాషలోకి ఎరువు వచ్చిన మాటల్ని మిగతావాటితో కలపకూడదు, వాటిని ఏ యాసలో చెప్పినా గుర్తుపడతారు. ప్రశ్న కేవలం ధ్వని గురించైతే అర్థంలేని కల్పిత మాటలు వాడటమే క్షేమం.

రికార్డింగు విషయంలో మొండిగా ఉండాలి. 44.1 కిలోహెర్ట్జ్, కనీసం 16 బిట్, వేవ్ ఫైలు, ఎంపీ3 వద్దు. మైకు నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కకు. శబ్దం మీటరు పైఅంచు తాకితే ఆ వాక్యం మళ్లీ చెప్పించాలి, తర్వాత సరిచేయడం కుదరదు. ప్రతి వాక్యం మూడుసార్లు చెప్పించి మధ్యది తీసుకుంటే జాబితా చదివే రాగం తగ్గుతుంది. తర్వాత అన్నిటినీ ఒకే సగటు తీవ్రతకు తేవాలి. ఇక్కడ ఒక చిక్కుంది. రెండో భాషలో మాట్లాడేవాళ్ల వాక్యాల్లో విరామాలు ఎక్కువ. ఫైలు మొత్తం సగటు తీస్తే ఆ నిశ్శబ్దం సగటును కిందికి లాగుతుంది. దాన్ని సరిచేసేసరికి మాటలు మిగతావాళ్లకన్నా గట్టిగా తయారవుతాయి. కాబట్టి సగటును మాటలున్న భాగాల మీదే లెక్కించాలి.

ఒకే ఒక్క వక్త గొంతుతో ప్రయోగం చేసి దానికి ఫలానా యాస అని పేరు పెట్టడం నాకు అస్సలు మింగుడుపడదు. అప్పుడు కొలిచింది యాసనా, ఆ మనిషి గొంతునా? యాసకు కనీసం నలుగురైదుగురు వక్తలుండాలి. వాళ్ల వేగాన్నీ కొలిచి మోడల్‌లో పెట్టాలి. ఆన్ బ్రాడ్‌లో, టెస్సా బెంట్ 2008లో చూపించినదాన్ని బట్టి, చైనీస్ యాస ఉన్న ఇంగ్లీషును పలువురి గొంతుల్లో విన్న శ్రోతలకు అదే యాసలో కొత్త గొంతును అందుకోవడం తేలికైంది. అంటే ప్రయోగం నడుస్తుండగానే చెవి నేర్చుకుంటుంది. కాన్‌స్టెన్స్ క్లార్క్, మెరిల్ గారెట్ 2004లో చేసిన పనిలో అలవాటు పడటానికి ఒక నిమిషం లోపే చాలింది. కాబట్టి ట్రయల్ సంఖ్యను విశ్లేషణలో ఎప్పుడూ చేర్చాలి. యాసల్ని విడివిడి బ్లాకులుగా వినిపిస్తారా, కలిపి వినిపిస్తారా అన్నది చిన్న ఏర్పాటు కాదు, ఫలితాన్నే మార్చగల నిర్ణయం.

నిశ్శబ్దంలో వినిపిస్తే అందరికీ నూటికి తొంభై ఎనిమిది వచ్చి తేడా కనిపించదు. అందుకే రొద కలుపుతాం. ఏ రొద అన్నది మళ్లీ మన మొదటి ప్రశ్నకే వెళ్తుంది. మాటల సగటు స్పెక్ట్రమ్ ఆకారంలో (ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత శక్తి ఉందో ఆ తీరులో) ఉన్న నిలకడ రొద ధ్వనిని కప్పేస్తుంది, అంతే. నలుగురు మాట్లాడుకుంటున్న రొద ధ్వనిని కప్పడమే కాదు, శ్రోతకు తెలిసిన భాషైతే ధ్యాసను కూడా లాక్కుంటుంది. శ్రోత మాతృభాషలో రొద పెట్టారా, రెండో భాషలో పెట్టారా అన్నది వేరే ప్రయోగం అవుతుంది. తొలి ప్రయోగానికి నిలకడ రొదే మంచిది. మాటకన్నా అర సెకను ముందు మొదలుపెట్టి, అర సెకను తర్వాత ఆపాలి. తీవ్రత ఎంతన్నది పైలట్‌లో, అంటే చిన్న ముందస్తు ప్రయోగంలో, తేల్చుకోవాలి: మాట రొదకన్నా 8 డెసిబెల్స్ ఎక్కువ, 4 ఎక్కువ, సమానం, 4 తక్కువ, ఇలా నాలుగు మెట్లు. మాతృభాష శ్రోతలకు సగం మాటలు అందే చోట రెండో భాష శ్రోతలకు దాదాపు ఏమీ అందకపోవచ్చు, అడుగంటిన స్కోర్లతో పోలిక కుదరదు. రెండు గుంపులూ మధ్యస్థంగా ఉండే ఒక్క మెట్టు దొరక్కపోతే, పలు మెట్లలో కొలిచి వంపు గీసి పోల్చాలి. మాయో, ఫ్లోరెంటీన్, బ్యూస్ 1997లో స్పానిష్, ఇంగ్లీషు ద్విభాషుల మీద చేసిన పని చూడండి. చిన్నప్పుడే ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లు పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లకన్నా ఎక్కువ రొదను తట్టుకున్నారు, వాక్య సందర్భాన్ని కూడా బాగా వాడుకోగలిగారు. ఆఖరి మాటను ఊహించగలిగే వాక్యాలు, ఊహించలేని వాక్యాలు రెండూ వాడటం వల్లే ఆ రెండో సంగతి బయటపడింది. చెవి తప్పునూ సందర్భం అందని తప్పునూ విడదీయడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నాకు తెలియదు.

సమయం కొలిచే ప్రయోగాల్లో మొదట అడగాల్సింది సున్నా ఎక్కడన్నది. మాట మొదలైన క్షణం నుంచా, ముగిసిన క్షణం నుంచా? నెమ్మదిగా మాట్లాడే వక్త మాట పొడవు కాబట్టి మొదటి నుంచి కొలిస్తే శ్రోత ఆలస్యం చేసినట్టు కనిపిస్తాడు. ముగింపు నుంచి కొలిచి, మాట నిడివిని మోడల్‌లో విడిగా పెట్టడం నాకు నచ్చిన దారి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడొద్దు. వందకు పైగా మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే, అదీ నిలకడగా ఉండదు. అందరికీ ఒకేలా ఉండే ఆలస్యం ఒక మనిషిలోని పోలికల్ని పాడుచేయదు, ట్రయల్‌కో రకంగా ఊగేదే చంపుతుంది. ప్రయోగం నడిపే సాఫ్ట్‌వేర్ సైకోపై అయినా ఓపెన్‌సెసమీ అయినా, తెరకు ఫోటోడయోడ్ (వెలుతురు మార్పును పట్టే పరికరం) పెట్టి, శబ్దాన్ని తిరిగి రికార్డు చేసి, బొమ్మకూ శబ్దానికీ మధ్య అసలు ఎంత ఎడం వస్తోందో వంద ట్రయల్స్ మీద చూసుకోవాలి. విశ్లేషణలో ఇంకో ఉచ్చు ఉంది. రెండో భాష శ్రోతలు మొత్తంగానే నెమ్మది. 600 మిల్లీసెకన్లు తీసుకునేవాళ్లలో 60 తేడా, 900 తీసుకునేవాళ్లలో 90 తేడా వస్తే అది ఇంటరాక్షన్‌లా, అంటే ప్రభావం ఒక్కో గుంపులో ఒక్కోలా ఉన్నట్టు, కనిపిస్తుంది. లాగరిథమ్ తీస్తే మాయమవుతుంది, ఎందుకంటే రెండూ పది శాతమే. రెండు రకాలుగానూ చూసి, రెండూ చెప్పాలి.

ఏ మాట పోటీకి వచ్చిందో నేరుగా చూడాలంటే, చూపు ఎక్కడెక్కడ నిలుస్తోందో నమోదు చేసే ఐ ట్రాకింగ్‌కు సాటి లేదు. ఆండ్రియా వేబర్, ఆన్ కట్లర్ 2004లో డచ్ శ్రోతలకు ఇంగ్లీషు మాటలు వినిపిస్తూ తెరమీద నాలుగు బొమ్మలు చూపించారు. పాండాను క్లిక్ చేయమన్నప్పుడు వాళ్ల చూపు పెన్సిల్ మీద కూడా నిలిచింది. ఆ రెండు మాటల్లోని మొదటి అచ్చుల్ని డచ్ చెవి వేరు చేయడానికి కష్టపడుతుంది. ఆఖరికి సరైన బొమ్మనే నొక్కారు, అంటే జవాబుల పట్టికలో ఈ పోటీ ఆనవాలే ఉండదు. చూపు కదలడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి విశ్లేషించే కాల వ్యవధిని అంత ఆలస్యంగా మొదలుపెట్టాలి. బొమ్మల్ని మాటకు ముందే ఒకటి రెండు సెకన్లు చూడనివ్వాలి. ప్రయోగం ముందు ఆ బొమ్మల పేర్లు చెప్పించకపోతే మనం పెన్సిల్ అనుకున్నదాన్ని శ్రోత క్రేయాన్ అనుకుంటాడు, పోటీ జరగదు, ‘తేడా లేదు’ అని తప్పుడు ఫలితం వస్తుంది.

తలమీద ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ సంకేతాల్ని కొలిచే ఈఈజీ గురించి క్లుప్తంగా. అర్థం పొసగని మాటకు 400 మిల్లీసెకన్ల దగ్గర వచ్చే ఎన్400 తరంగం, వ్యాకరణ లోపానికి వచ్చే పీ600 తరంగం ఇక్కడ ముఖ్య సాధనాలు. హనులికోవా బృందం 2012లో చూపినట్టు, డచ్ శ్రోతలు తమ భాషలోని లింగ దోషాన్ని మాతృభాష వక్త నోట విన్నప్పుడు పీ600 వచ్చింది, విదేశీ యాసలో విన్నప్పుడు రాలేదు. వినేవాళ్లు వక్తను బట్టి తమ అంచనాల్ని మార్చుకుంటారన్నమాట. డొనాల్డ్ రూబిన్ 1992లో ఒకే రికార్డింగుకు వేర్వేరు ముఖాల ఫోటోలు జతచేసినప్పుడు కూడా ఇదే కోవలో జరిగింది: ఆసియా ముఖం చూసిన విద్యార్థులు లేని యాసను విన్నారు, గ్రహించడమూ తగ్గింది. కాబట్టి ‘ఇప్పుడు విదేశీయుల మాటలు వింటారు’ అని సూచనల్లో రాయడం కూడా స్టిములస్‌లో భాగమే అవుతుంది.

శ్రోతల గురించి రాసేటప్పుడు ‘అడ్వాన్స్‌డ్ స్థాయి’ అని రెండు మాటల్లో తేల్చేయకండి. ఏ వయసులో మొదలుపెట్టారు, రోజులో ఎంతసేపు వింటారు, ఇంకే భాషలు తెలుసు అన్నవాటికి లీప్-క్యూ ప్రశ్నావళి ఉంది. ఇంగ్లీషు పదజాలానికి లెక్స్‌టేల్ పరీక్ష ఉంది. 40 నిజమైన మాటలు, 20 కల్పిత మాటలు, ఐదు నిమిషాల లోపు పని. ఆ స్కోరును పెట్టి జనాన్ని పై సగం, కింద సగం అని నరికేయకుండా అంకెగానే మోడల్‌లో వాడాలి. వినికిడిని 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర పరీక్షించాలి. ఆన్‌లైన్‌లో ఇది కుదరదు కాబట్టి కనీసం 2017లో వుడ్స్ బృందం ఇచ్చిన హెడ్‌ఫోన్ పరీక్ష పెట్టాలి. 200 హెర్ట్జ్ స్వరాలు మూడింటిలో ఏది మెల్లగా ఉందో చెప్పమంటారు. వాటిలో ఒక స్వరం రెండు చెవులకూ ఎదురు ఫేజులో అందుతుంది, అంటే ఒక చెవిలో తరంగం పైకి లేచేటప్పుడు ఇంకో చెవిలో కిందికి దిగుతుంది. స్పీకర్లో వింటే ఆ రెండూ గాలిలో కలిసి ఒకదాన్నొకటి తగ్గించుకోవడంతో అదే మెల్లగా అనిపించి జవాబు తప్పుతుంది.

ఎంతమంది, ఎన్ని మాటలు? బ్రిస్‌బార్ట్, స్టీవెన్స్ 2018లో ప్రతిస్పందన సమయాల ప్రయోగాలకు ఒక్కో కండిషన్‌కు కనీసం 1600 పరిశీలనలు సూచించారు, అంటే 40 మంది, 40 మాటలు. మనుషుల్ని పెంచడం సులువని 200 మందిని తెచ్చి 8 వాక్యాలతో సరిపెడితే ఆ 8 వాక్యాల గురించే తెలుస్తుంది, భాష గురించి కాదు. 1973లోనే హెర్బర్ట్ క్లార్క్ హెచ్చరించిన విషయమిది. ఇప్పుడు మిక్స్‌డ్ మోడల్ అనే గణాంక పద్ధతిలో శ్రోతలకూ మాటలకూ వక్తలకూ విడివిడిగా ర్యాండమ్ ఎఫెక్ట్స్ పెట్టొచ్చు, అంటే ఒక్కొక్కరిలో, ఒక్కోదాంట్లో ఉండే తేడాను లెక్కలోకి తీసుకోవచ్చు. కానీ ఇద్దరే వక్తలుంటే వక్తల మధ్య వైవిధ్యాన్ని ఏ మోడలూ అంచనా వేయలేదు.

చివర్లో పది నిమిషాలు తప్పకుండా మిగుల్చుకోండి. ప్రయోగంలోని మాటలన్నీ రాసి చూపించి, ఒక్కోదాని అర్థం అడగాలి. చదివితే తెలిసి, వింటే తప్పిన మాట చెవి ఖాతాలోకి వెళ్తుంది. చదివినా తెలియని మాటను ముందే రాసుకున్న నియమం ప్రకారం విశ్లేషణలోంచి తీసేయాలి, ఎన్ని తీసేశామో చెప్పాలి. ఈ పరీక్షను ముందు పెడితే మాటలు గుర్తుండిపోతాయి కాబట్టి ఎప్పుడూ ఆఖర్నే. డేటా ఫైలులో ట్రయల్‌కు ఒక వరుస ఉండాలి. అందులో శబ్దం ఫైలు పేరు, వక్త, రొద మెట్టు, ట్రయల్ క్రమం, శ్రోత టైప్ చేసినది అక్షరం మార్చకుండా ఉన్నదున్నట్టు ఉండాలి. మార్కును వేరే కాలమ్‌లో వేయండి. నియమం మార్చి మళ్లీ లెక్కించాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది ఆ మూల జవాబు ఒక్కటే.